లాన్‌లో తుంగ

మనది నల్లరేగడి. గుంటూరులోగానీ ఒంగోలులోగానీ ఇంటిముందు లాన్ వేసుకున్నామంటే, చేలోంచి తోలించిన మట్టితోపాటే తుంగ కూడా వచ్చేస్తుంది. గడ్డే కదా అని ఊరుకుంటాం. కాడను వేళ్ళ మధ్య దొర్లించి చూడండి. మూడు పలకలుగా తగిలిందా, అది తుంగే. గరిక అలా ఉండదు.

తుంగను పైపైన పీకితే పోదు. లోపల గడ్డలు పూసలదండలా ఒకదానికొకటి సన్నటి కాడతో తగులుకుని ఉంటాయి. పైమొక్క తెగితే నిద్రపోతున్న గడ్డలు లేస్తాయి. ఒకటి పీకితే నాలుగు మొలిచాయని మనం విసుక్కునేది అందుకే. వాన పడి నేల మెత్తబడ్డప్పుడు చిన్న గునపంతో జానెడు లోతు తవ్వి గడ్డలతో సహా తీయండి. వాటిని ఎరువుగుంటలో వెయ్యకండి, డాబామీద ఎండలో పడెయ్యండి. బాగా ఎండితే చస్తాయి. మళ్ళీ మొలిచినవాటిని మళ్ళీ తీయాల్సిందే. సున్నిపిండిలో కలిపే తుంగముస్తెలు ఇవే లెండి!

ఇక మందు సంగతి. “చేలో కొట్టే గడ్డిమందు కాస్త మిగిలింది వదినా, తెస్తాను” అంటాడు ఊర్నించి వచ్చిన మరిది. ఒప్పుకోకండి. గ్లైఫోసేట్ తుంగతోపాటు గరికనూ మాడ్చేస్తుంది. పైగా పురుగుల నివారణ పని చేసే ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ దాన్ని వాడకూడదని 2022లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అంతకన్నా నాకు భయమేమిటంటే, ఆ మందు ఇంటికొచ్చేది కూల్‌డ్రింకు సీసాలో. లాన్‌లో ఆడుకుంటున్న పిల్లాడికి దాహమేస్తే, ఆ సీసాలో ఏముందో వాడికేం తెలుస్తుంది? ఇప్పటికే తెచ్చిపెట్టి ఉంటే మొహమాటపడకుండా ఇవ్వాళే తిప్పి పంపెయ్యండి.