స్కూల్ ప్రేయర్‌లో పాడిన ఆ పాటకు ట్యూన్ కట్టింది ఎవరు? | వింజమూరి అక్కాచెల్లెళ్ల కథ

ఎపిసోడ్‌లోకి వెళ్లే ముందు ఒకసారి మీ స్కూల్ ప్రేయర్ గుర్తు తెచ్చుకోండి. ఎండలో లైన్లు, ముందోడి భుజం మీద చెయ్యి పెట్టి దూరం కొలుచుకోవడం, డ్రిల్ సార్ విజిల్. అప్పుడు మైక్ దగ్గర ఇద్దరు అమ్మాయిలు మొదలుపెట్టే ప్రియభారత పాట ఉంటది చూడండి, దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు రాసింది. నిజం చెప్తున్నా, అందులో సగం మాటలకు అర్థం నాకు బీటెక్ అయ్యేదాకా తెలియదు. కానీ ట్యూన్ మాత్రం నిద్రలో లేపి అడిగినా వస్తది.

రాసిన ఆయన పేరు పుస్తకంలో ఉంది. పరీక్షలో అడిగితే రాశాం, మార్కు కూడా వేశారు. మరి ఆ ట్యూన్ ఎవరు కట్టారు?

ఇదే ప్రశ్న పట్టుకుని కోదాడ బస్టాండ్ దగ్గర, సూర్యాపేటలో ఒక టీ కొట్టు దగ్గర, మిర్యాలగూడలో రైస్ మిల్లు పక్కన నిలబడి అడిగాను. ఎక్కువ మంది "ఘంటసాల" అన్నారు. మనకు పాత పాట ఏదైనా ఘంటసాలే కదా! ఒక పెద్దమనిషి "రేడియోల ఎవరో కట్టిండ్రు" అన్నాడు. ఇంటర్ చదివే పిల్లాడు ఒకడు చెప్పింది మాత్రం ఇప్పటికీ నా తలలో తిరుగుతోంది. "ట్యూన్ ఎవరు కడతరన్నా, అది పాటతోనే వస్తది కదా."

ఆ ట్యూన్ కట్టింది వింజమూరి అనసూయాదేవి గారు. 1920లో కాకినాడలో పుట్టారు. కృష్ణశాస్త్రి గారు ఆమెకు మేనమామ. అమ్మ వెంకటరత్నమ్మ గారు ఆడవాళ్లు చదువుకోవడమే వింత అనుకునే రోజుల్లో 'అనసూయ' పేరుతో స్త్రీల పత్రిక నడిపారు. ఇంట్లో సాహిత్యం, నాటకం, సంగీతం అన్నీ ఉన్నాయి. అనసూయ గారు చిన్నపిల్లగా ఉన్నప్పుడే గ్రామఫోన్ రికార్డు ఇచ్చారు. హార్మోనియం ఆమె చేతిలో ఆట. చెల్లెలు సీతాదేవి గారితో కలిసి పాడితే ఇద్దరి గొంతూ ఒకటే అనిపించేదట. మద్రాసు రేడియోలో వింజమూరి సిస్టర్స్ అంటే అప్పట్లో పెద్ద పేరు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. ట్యూన్ కట్టడం అంటే ఏం పని? నేను సంగీతం నేర్చుకోలేదు, నా పద్ధతిలో చెప్తా. కవి కాగితం మీద పెద్ద పెద్ద సంస్కృత సమాసాలు ఇస్తాడు. వాటిని నోరు తిరగని ఆరో తరగతి పిల్లలు మూడు వందల మంది కలిసి పాడాలి. అందులో శ్రుతి ఉన్నోళ్లు పదిమంది ఉంటే గొప్ప. ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఏ అక్షరం మీద సాగదీయాలి, ఎంత పైకి తీసుకెళ్తే గొంతు జీరబోకుండా ఉంటది, ఇవన్నీ ఎవరో కూర్చుని తేల్చాలి. మా స్కూల్లో మేం అంత దారుణంగా పాడినా అది పాటలాగే వినిపించిందంటే, ఆ క్రెడిట్ మాది కాదు, ఆ కట్టడానిది.

సాఫ్ట్‌వేర్‌లో మాకు గిట్ బ్లేమ్ అని ఒక కమాండ్ ఉంటది. ఏ లైన్ ఎవరు రాశారో, ఏ రోజు రాశారో పేరుతో సహా చూపిస్తది. బగ్ వస్తే అందరూ ముందు దాన్నే తెరుస్తారు, ఎవడి మెడ పట్టుకోవాలా అని! ట్యూన్లకు అట్లాంటిది లేదు. ట్యూన్ ఎంత హిట్ అయితే కట్టినోళ్ల పేరు అంత త్వరగా రాలిపోతది. అందరి నోట్లో పడ్డాక అది అందరిదీ అయిపోతది.

ఈ మాట అనసూయ గారికి మనకంటే బాగా తెలుసు అనుకుంటా. ఎందుకంటే ఆమె చేసిన ఇంకో పెద్ద పని జానపద పాటలు సేకరించడం. దంపుళ్ల దగ్గర, నాట్ల దగ్గర, పెళ్లిళ్లలో ఆడవాళ్లు పాడుకునే పాటలను పట్టుకుని, వాటిని రేడియోలో, కచేరీల్లో పాడారు. స్వరాలతో సహా రాసి పుస్తకాలు వేశారు. జానపదం అంటే చదువుకున్నోళ్లు చిన్నచూపు చూసే కాలంలో దాన్ని కచేరీ స్టేజి ఎక్కించారు. స్వరం రాయడం అంటే, పాడేవాళ్లు లేకపోయినా రేపు ఇంకొకరు ఆ కాగితం చూసి పాడగలరు. ఒకరకంగా బ్యాకప్ అన్నమాట.

కానీ ఆ పాటలు మొదట కట్టిన ఆడవాళ్ల పేర్లు? అవి పోయాయి. వడ్లు దంచుతూ కట్టిన ట్యూన్ కింద ఎవరు సంతకం పెడతారు? పాట దొరికింది, మనిషి దొరకలేదు. అనసూయ గారిని మెచ్చుకుంటూనే ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

చెల్లెలి సంగతికి వస్తే, మన జిల్లా వాళ్లు ఇంకా దగ్గరగా వినాలి. 'మా భూమి' సినిమా చూశారా? 1979 నాటిది, గౌతమ్ ఘోష్ డైరెక్షన్, బి. నర్సింగరావు గారు నిర్మాతల్లో ఒకరు. తెలంగాణ సాయుధ పోరాటం కథ, అంటే మన ఉమ్మడి నల్లగొండ తాతల కథ. గద్దర్ గారు తెర మీద గొంగడి వేసుకుని పాడే పాట అందరికీ తెలుసు. సుద్దాల హనుమంతు గారు రాసిన పసులు కాసే పిల్లగాడి పాట కూడా అందులోదే. ఆ పాటలు పోరాటంలోంచి వచ్చినవి, సినిమా కోసం పుట్టినవి కావు. కానీ ఆ సినిమాకు సంగీతం చేసిన మనిషి వింజమూరి సీతాదేవి గారు. కాకినాడ ఇంటి అమ్మాయి, నల్లగొండ రైతుల కథకు సంగీతం! నేను ఆ సినిమా నాలుగుసార్లు చూశా. ఈ పేరు మాత్రం ఈ ఎపిసోడ్ కోసం వెతికేటప్పుడే కళ్లబడింది. టైటిల్స్‌ని ఎప్పుడూ స్కిప్ చేసే రకం నేను.

అనసూయ గారికి ఆంధ్రా యూనివర్సిటీ కళాప్రపూర్ణ ఇచ్చింది. చివరి రోజుల్లో అమెరికాలో ఉన్నారు. తన కథను తనే రాసుకుని 'అసమాన అనసూయ' అని పేరు పెట్టారు. కొంతమందికి ఆ పేరు గొప్పలు చెప్పుకున్నట్టు అనిపించొచ్చు. నాకు నచ్చింది. నీ ట్యూన్ ఊరూరా పాడుతూ నీ పేరు ఎవరూ చెప్పకపోతే, నువ్వే గట్టిగా చెప్పుకోవాలి మరి. 2019 మార్చిలో హ్యూస్టన్‌లో కన్నుమూశారు. 98 ఏళ్లు.

ఇప్పుడు నా సంగతి. ఈ ఎపిసోడ్ అసలు అందుకే చేస్తున్నా.

మన ప్రతి వీడియో మొదట్లో పన్నెండు సెకన్ల మ్యూజిక్ వస్తది కదా, డప్పు, దాని మీద వేణువు. అది చేసింది కాలేజీలో నా జూనియర్, మిర్యాలగూడ అమ్మాయి. ఫోన్‌లో ఒక ఫ్రీ యాప్, ఇయర్‌ఫోన్స్, అంతే. "ఒక ట్యూన్ కొట్టివ్వవా" అంటే రెండు రోజుల్లో పంపింది. కెమెరా ఎవరు, ఎడిటింగ్ ఎవరు, థంబ్‌నెయిల్ ఎవరు, అన్నీ డిస్క్రిప్షన్‌లో రాశా. మ్యూజిక్ అనే లైనే పెట్టలేదు. కావాలని కాదు. తట్టలేదు, అంతే. ఆ ఇంటర్ పిల్లాడిలాగే, అది వీడియోతో పాటు వచ్చిందనుకున్నా.

పోయిన వారం ఫోన్ చేసి సారీ చెప్పా. తను నవ్వి, "ఏం కాదులే అన్నా. అది నేనే చేశానని మా ఇంట్లో చెప్తే నమ్మలే. కింద పేరేదీ అని అడిగిండ్రు" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పాత వీడియోలన్నీ తెరిచి ఒక్కొక్కదాని కింద పేరు చేర్చా, రాత్రి రెండయింది. పేరు డిస్క్రిప్షన్‌లో ఉంది. నేను ఇక్కడ చదవను, మైక్‌లో చెప్పొద్దని తనే అంది.

ఇంకోటి. తను పంపిన ట్యూన్ అసలు ఒక నిమిషం పది సెకన్లు. పన్నెండుకు కోసింది నేనే. ఈ రోజు చివర్లో మొత్తం పెడుతున్నా, మధ్యలో నా గొంతు రాదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.