ఫోన్‌లో దొరికే భాష

మన పెంటపాడు పక్కనే, తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్‌ఐటీ మొదలైంది. అందులో సగం సీట్లు బయటి రాష్ట్రాల పిల్లలవి. గూడెం వచ్చాక వాళ్లకు తెలుగుతో పని పడుతుంది. మన పిల్లలకేమో ఉద్యోగాల కోసం హిందీ, ఇంగ్లీషు కావాలి. ఇద్దరి చేతిలోనూ ఫోన్ ఉంది.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానల్ ఆ ఫోన్‌లోనే చూసే ఉంటారు. అందులో కనిపించే గంగవ్వ మాటలు వినీ వినీ మన గోదావరి వాళ్లకూ తెలంగాణ పలుకుబడి చెవికెక్కింది, ఎవరూ పాఠం చెప్పకుండానే. ఇంకో భాషైనా అంతే.

మూడు నిమిషాల హిందీ వంట వీడియో తీసుకోండి. ముందు క్యాప్షన్లు లేకుండా చూడండి. వేగం 0.75కి తగ్గించి మళ్లీ వినండి. ఆ తర్వాతే క్యాప్షన్లు పెట్టండి. యంత్రం రాసిన వాటిలో తప్పులుంటాయి, పేర్ల దగ్గర మరీనూ. నచ్చిన వాక్యం దగ్గర ఆపి, పైకే పలకండి.

అయితే చూస్తూ కూర్చుంటే వినడం వస్తుంది గానీ నోరు తిరగదు. అందుకే మీరూ ఒక నిమిషం వీడియో తీయాలి. చెరువులో రొయ్యలకు మేత వేస్తున్నారా? ఎంత వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో హిందీలో చెప్పండి. తడబడిన చోట మీకు రాని మాటేదో తెలిసిపోతుంది. అది వెతుక్కుని మళ్లీ తీయండి. లోకానికంతా చూపించక్కర్లేదు. ఆ భాష వచ్చిన స్నేహితుడికి వాట్సాప్‌లో పంపి, తప్పులు దిద్దమని అడగండి. అతనికి మీరు తెలుగు దిద్దిపెట్టండి.