ఇంటి స్థలమున కర్హు లెవరు?

(కార్వేటినగరమున చేసిన ఉపన్యాసము)



ఈ యూరు పూర్వము జమీందారీ సంస్థానము. 1948 నాటి చట్టము జమీందారీలను రద్దుచేసెను. దొరల దయకు బదులు నియమము వచ్చినది. దయకంటె నియమము మేలు. కాని నియమమునకు కన్నులుండవలెను.

జీవించు హక్కులో నాశ్రయము పొందు హక్కును చేరియున్నదని సుప్రీముకోర్టు 1995లో చమేలీసింగు వ్యాజ్యమున తీర్పు చెప్పినది. మన రాష్ట్ర ప్రభుత్వము 2020లో గ్రామములందు సెంటున్నర, పట్టణములందు సెంటు చొప్పున పేదలకు పట్టాలిచ్చెను. 2025 జనవరిలో వానిని మూడు సెంట్లుగను, రెండు సెంట్లుగను పెంచ నిర్ణయించెను. పట్టా స్త్రీ పేర నిచ్చుట మెచ్చదగినది. కాని అర్హతకు కొలబద్ద మాఱలేదు. తెల్లకార్డుండవలెను, సొంత యిల్లుగాని స్థలముగాని యుండరాదు, పూర్వము గృహపథకముల లబ్ధి పొందియుండరాదు, మాగాణి రెండున్నర యెకరములు, మెట్ట యైదెకరములు మించరాదు.

హద్దు లుండవలసినదే, లేనిచో బలవంతుడే ముందు నిలుచును. అయినను మన మెట్టసీమలో వాన తప్పినయేడు ఆఱెకరముల వేరుసెనగ రైతు కూలికి పోవును. కాగితమున మాత్రము భూస్వామి! తండ్రికి పూర్వ మెన్నడో వచ్చిన యొక్కగది యింట నేడు ముగ్గురు కొడుకుల సంసారములు. పొయ్యిలు మూడు, కార్డొక్కటి. కనుక కుటుంబ మొక్కటే యందురు. భర్త విడిచిన యాడుబిడ్డ పేరు భర్త కార్డున నుండును. ఆమె తలదాచుకొనునది పుట్టింటి వసారా. వీరికి నిలువ నీడ యున్నదని యే మనస్సాక్షి చెప్పును?

నియమము మాఱదని నిరాశపడవలదు. మోటారు సైకి లున్నవాని నావాస్ యోజన నుండి త్రోసిపుచ్చు నిబంధనను కేంద్ర ప్రభుత్వము 2024లో తొలగించినది. మనుష్యులు చేసినదానిని మనుష్యులే మార్చవచ్చును.

కావున మన కోరికలు మూడు. కార్డును గాక పొయ్యిని బట్టి కుటుంబమును లెక్కింపవలెను. మెట్టభూమిని విస్తీర్ణముతో గాక నీటివసతితో తూచవలెను. త్రోసివేసిన ప్రతి యర్జీకి కారణమును వ్రాతమూలముగ తెలిపి, గ్రామసభలో చదివి వినిపింపవలెను. ఈ కడపటిది క్రొత్త కోరిక కాదు. నిర్ణయములకు కారణములను బాధితులకు తెలుపవలెనని 2005 నాటి సమాచార హక్కు చట్టపు 4వ విభాగమే విధించుచున్నది.

చదువుకొన్న సోదరులారా! చట్ట మున్నను అడుగువాడు లేనిచో నది యటకెక్కిన తాళపత్రమే. మీలో నొక్కొక్కరు చదువురాని యొక్క కుటుంబమునకు అర్జీ వ్రాసిపెట్టుడు. కారణము వచ్చువఱకు వెంట నడువుడు. దేశసేవకు ఇంతకంటె దగ్గఱిదారి లేదు.