కూలి వెంట పోయే కళ్లు

ఈరోజు నర్సింగ్ పట్టాలు అందుకుంటున్న బిడ్డలారా,

బనగానపల్లెలో కంటి మాట ఎత్తితే గరిమిరెడ్డి అచ్చమ్మ గుర్తుకొస్తుంది. చూపులేని ఆమె కొడుక్కి వీరబ్రహ్మేంద్రస్వామి చూపు తెప్పించారని ఈ ఊరి నమ్మకం. ఆ స్వామి ఈ ఊరివాడు కాదు. ఎక్కడినుంచో నడిచొచ్చి ఆ ఇంటి పశువులు కాశారు.

ఊరు విడిచిన మనుషులు మన సీమకు కొత్త కాదు. 1981లో శ్రీశైలం జలాశయం కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు ఖాళీ చేయించారు. దేశం దాటకుండానే శరణార్థులైపోయారు వాళ్లు. కరువు తరిమినవాళ్లు వేరే. ఆదోని, కోసిగి వైపునుంచి ఏటా గుంటూరు మిరప చేలకు పోతారు.

అలా పోయొచ్చిన ఒకామెను నేను చూశాను. కాయ కోస్తుంటే కొమ్మ కంట్లో గీసుకుంది. గుడారంలో ఎవరో ఆకు పసరు పిండారు. నా దగ్గరికి వచ్చేసరికి మూడు వారాలు. నల్లగుడ్డు మీద పువ్వు వేసింది. ‘‘ముందే ఎందుకు రాలేదమ్మా?’’ అన్నాను. ‘‘యాడికి సార్ వచ్చేది? ఆ ఊర్లో ఆస్పత్రి యాడుందో మాకేం తెలుసు? ఒక పూట పోతే కూలి పాయ’’ అంది. ఆ కన్ను నేను కాపాడలేకపోయాను. ఇప్పటికీ బాధగానే ఉంది.

చెట్టుకొమ్మ గీతతో బూజు కంట్లోకి దిగుతుంది. పుండు పడ్డాక మందు గంటగంటకూ వేయాలి, వారాల తరబడి. గుడారంలో అది జరిగే పని కాదు. కానీ గీత పుండు కాకముందు దారి ఉంది. నేపాల్‌లోని భక్తపూర్‌లో ఊరి ఆరోగ్య కార్యకర్తలు గీసుకున్న కళ్లకు మూడు రోజులపాటు క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ పెట్టారు. 2001లో అచ్చయిన ఆ లెక్క చూడండి: 18 గంటల్లోపు మందు అందిన 284 మందిలో ఒక్కరికీ పుండు పడలేదు. ఆ మందు పెట్టినవాళ్లు డాక్టర్లు కారు.

మన నేత్ర వైద్యం బాగా పెరిగింది. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్.వి.ప్రసాద్ సంస్థ పల్లెల్లోనే విజన్ సెంటర్లు పెట్టింది. అయినా సెంటర్ ఒకచోట ఉంటుంది, కూలి మనిషి ఇంకోచోట ఉంటాడు. 2024 చివరికి ప్రపంచంలో ఇళ్లు వదిలి పారిపోయిన 12 కోట్ల పైచిలుకు జనానిదీ ఇదే చిక్కు.

మీలో కొందరు ఆదోని, కోసిగి వైపు పీహెచ్‌సీలకు పోతారు. మిరప కోతకు లారీలు ఎక్కకముందే ముఠా మేస్త్రీని పట్టుకోండి. ప్రతి ముఠాలో ఒక అక్కను కూర్చోబెట్టి గీత పడిన కంటిని టార్చి వెలుగులో చూడటం నేర్పండి, పసరు వద్దని చెప్పండి. మీ డాక్టరును అడిగి ఆ క్లోరాంఫెనికాల్ ట్యూబు ఆమె సంచిలో పెట్టించండి. మీ ఫోన్ నంబరు కూడా ఇవ్వండి.