మేనేజరును ప్రమోషన్ అడగాలంటే
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎందరు పిల్లలకు ఫీజులు కట్టామో, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయో ఏటా ఇక్కడ చెబుతూ వచ్చాం. ఉద్యోగం వచ్చాక వాళ్లు ఏమయ్యారని మేము అడగలేదు, మీరూ అడగలేదు. ఈ ఏడాది ఆదివారాలు వాళ్లతో కూర్చోవడం మొదలుపెట్టాక తెలిసింది. చేరిన కుర్చీలోనే నాలుగైదేళ్లుగా ఉన్నవాళ్లు చాలామంది. పని పెరిగింది, హోదా పెరగలేదు. "మేనేజరును అడిగావా?" అంటే తల దించుకుంటారు.

ఒకమ్మాయి సంగతి చెబుతాం. పేరు, కంపెనీ వద్దు. బీకాం చదివి విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ అసిస్టెంటుగా చేరింది. సీనియర్ మానేసి వెళ్లిపోతే ఆయన పనంతా ఈమె మీద పడింది. రెండేళ్లుగా ప్రతి నెలా 11వ తేదీలోగా జీఎస్‌టీఆర్-1, 20వ తేదీలోగా 3బి వేసేది ఈమే. ఒక్కసారి కూడా లేటు ఫీజు పడలేదు. ఇంట్లో అబ్బాతో చెబితే, "ఓపిక పట్టు బేటీ, నీ వంతు వస్తుంది" అన్నారట.

ఆయన మున్సిపాలిటీలో అటెండరుగా చేరి జూనియర్ అసిస్టెంటుగా రిటైరైన మనిషి. అక్కడ సీనియారిటీ జాబితా ఉంటుంది. ఖాళీ వస్తే పేరు దానంతటదే పైకి వెళుతుంది. ప్రమోషన్ హక్కు కాకపోయినా, దానికి పరిశీలించబడటం హక్కేనని రాజ్యాంగం 16వ అధికరణం ఆధారంగా సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ప్రైవేటు ఆఫీసులో మాత్రం మన వంతు గుర్తుపెట్టుకునే జాబితా సాధారణంగా ఉండదు. అబ్బా మాట అబద్ధం కాదు, ఆఫీసు వేరు.

మేనేజరుకు ఏం చెబుతావో ఒక పేజీ రాసి తెమ్మన్నాం. తెచ్చింది. అబ్బా పింఛను చాలడం లేదు, అమ్మీకి షుగరు, తమ్ముడి ఫీజు, పెరిగిన ఇంటి అద్దె, చివర "దయచేసి". చదివి మాలో ఒకరు నవ్వబోయి ఆగిపోయారు. అలా రాయడం ఆమెకు నేర్పింది ఎవరు? మేమే. మా స్కాలర్‌షిప్ దరఖాస్తులో అడిగేవన్నీ ఇవే కదా! కష్టం ఎంత బాగా రాస్తే చెక్కు అంత త్వరగా వస్తుందని ఈ పిల్లలు హైస్కూలు నుంచీ చూస్తున్నారు. జీతమిచ్చేవాడి ముందు కూడా అదే పేజీ పెడుతున్నారు.

ఆ పేజీ పక్కన పెట్టి, చేసిన పని రాయించాం. ఎన్ని రిటర్నులు, ఎన్ని బ్రాంచీలు, రావలసిన పాత బాకీలు ఎంత వసూలు చేసింది. రాస్తూ రాస్తూ ఆమే ఆశ్చర్యపోయింది. ఎప్పుడు అడగాలన్నది కూడా చూశాం. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. చాలా కంపెనీల్లో కొత్త జీతాల లెక్క అంతకు ముందే తేలిపోతుంది. ఏప్రిల్లో అడిగితే "వచ్చే ఏడు చూద్దాం" అంటారు. అందుకని జనవరిలో అడగమన్నాం, అదీ రిటర్నుల హడావుడి లేని రోజున, అరగంట టైము ముందే తీసుకుని.

మాలో ఒకరు మేనేజరుగా కూర్చుని అభ్యాసం చేయించారు. "సార్, సీనియర్ అకౌంటెంట్ పని నేను చేస్తున్నాను. ఆ హోదాకు నన్ను పరిశీలించమని అడగడానికి వచ్చాను." ఇంతే. ఆ తర్వాత మాట్లాడకుండా ఉండటమే ఆమెకు కష్టమైంది. ప్రతిసారీ "పరవాలేదు సార్, కుదరకపోతే వద్దులెండి" అని తనే కలిపేసేది. మూడు ఆదివారాలు పట్టింది ఆ ముక్క మానడానికి.

అసలు రోజున ఆయన "ఈ ఏడు పోస్టు లేదమ్మా" అన్నారు. "అయితే నా పనిలో ఇంకేం చూడాలనుకుంటున్నారు సార్? మళ్లీ ఎప్పుడు మాట్లాడమంటారు?" అని అడిగింది. ఆయన రెండు పనులు చెప్పి, ఒక తేదీ ఇచ్చారు. ఆ సాయంత్రమే అదంతా మెయిల్‌లో రాసి పంపింది. జులైలో హోదా వచ్చింది. జీతం మాత్రం అడిగినదాంట్లో సగమే పెరిగింది. ఇప్పుడు ఆ హోదాతో వేరే చోట ఇంటర్వ్యూలకు వెళుతోంది. వెళ్లడమే మంచిదని మేమూ అన్నాం.

అన్నీ ఇలా జరగలేదు. ఇంకో అబ్బాయి చేతిలో వేరే ఉద్యోగం లేకుండానే "ఇవ్వకపోతే మానేస్తా" అన్నాడు. సరే మానెయ్ అన్నారు. మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు.

మీలో షాపులు, గోదాములు, నర్సింగ్ హోములు నడిపేవారున్నారు. మీ దగ్గర కుర్రాడు షాపు మూసే వేళకు వచ్చి నిలబడతాడు. ఏమిట్రా అంటే "చాయ్ తేనా సేఠ్?" అని వెళ్లిపోతాడు. వాడు వచ్చింది చాయ్ కోసం కాకపోవచ్చు. ఒకసారి వెనక్కి పిలిచి కూర్చోబెట్టి చూడండి.

మా వంతుగా దరఖాస్తు ఫారంలో ఈ ఏడాది ఒక గడి కలిపాం: "మీరు చేసిన పని, నేర్చుకున్నది." చాలామంది "ఏమీ లేదు" అని రాశారు. అలా రాసిన ఒక ఇంటర్ కుర్రాణ్ణి పిలిచి మాట్లాడితే, తొమ్మిదో తరగతి నుంచి వాళ్ల మామూ సైకిల్ షాపు లెక్కలన్నీ వాడే రాస్తున్నాడని తేలింది. ఫారం తిరిగి వాడి చేతికే ఇచ్చి, పెన్ను ఇచ్చాం.