పదును మన కోసం ఆగదు: డీజిల్, బ్యాటరీ ముందే చూసుకుందాం
(తాండూరులో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



గిట్టుబాటు ధర గురించి, కౌలు గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నం. ఇయ్యాల ట్రాక్టర్ గురించి చెప్తా. చిన్న ముచ్చట అనుకోవద్దు. 2022లో మన తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు పెద్దదే, కానీ మిరుగం వాన పదును నాలుగు రోజులే. ఆ రోజుల్ల బండి ఆగితే పేరు విత్తనం వెయ్యదు.

ఒక ఏడు నా బండి విత్తే రోజే ఆగింది. ఫిల్టర్ గిన్నె విప్పితే అడుగున నీళ్లు, తుప్పు. తప్పు నాదే. ఎండాకాలమంతా సగం ట్యాంకుతో చెట్టు కింద పెట్టిన. కిరాయి ట్రాక్టర్ దొరికేసరికి పదును ఆరిపోయింది. పంట వెనకబడ్డది గానీ బ్యాంకు కిస్తీ వెనకబడలేదు.

నీళ్లు ఎట్ల వస్తయి? ట్యాంకుల ఖాళీ ఉన్నకాడ గాలి ఉంటది. రాత్రి చల్లబడితే అందులోని తేమ బొట్లు కడతది. నీళ్లు డీజిల్ కన్నా బరువు, అడుక్కు దిగుతయి. పంపుకు, నాజిళ్లకు చేరితే తుప్పు. అందుకే పొద్దుగూకి పని అయినంక ట్యాంకు నింపాలె. పొద్దున స్టార్ట్ చేసే ముందు సెపరేటర్ కింది మర తిప్పి నీళ్లు వదలాలె. డ్రమ్ముల తెచ్చిన డీజిల్‌ను ఒక రోజు కదపకుండ ఉంచి, అడుగుది తీయకుండ జాలి గరాటతో పోయాలె. మన దగ్గర బండల పాలిషింగ్ దుమ్ము, సిమెంటు లారీల దుమ్ము ఎక్కువ. మూత తీసే ముందు చుట్టూ తుడవాలె. ఫిల్టర్లు పుస్తకంల రాసిన గంటలకు మార్చాలె. మార్చినంక ఎయిర్ తీయాలె: బ్లీడ్ మర వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ సాఫుగా వచ్చేదాక చేతి పంపు కొట్టాలె.

ఇగ బ్యాటరీ. మూతలున్న బ్యాటరీల ప్లేట్లు మునిగేటట్టు డిస్టిల్డ్ వాటరే పోయాలె, బోరు నీళ్లు వద్దు. టెర్మినళ్ల మీది తెల్ల బూజును సోడా ఉప్పు కలిపిన వేడి నీళ్లతో కడిగి, ఆరినంక వాజిలిన్ పూయాలె. ఆ నీళ్లు లోపల పడొద్దు. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ఆఖరుకు మైనస్. నిండు చార్జి ఉంటే మీటర్‌ల 12.6 వోల్టుల దాక చూపిస్తది. 12.2కు వస్తే సగమే మిగిలినట్టు. అనంతగిరి పక్క చలి పొద్దుల్ల ఆ సగం ఇంజన్ తిప్పదు. సెల్ఫ్ పది సెకన్ల కన్నా ఎక్కువ కొట్టొద్దు. బండి నెలల తరబడి నిలబెడితే మైనస్ వైరు విప్పి, నెలకోసారి చార్జి పెట్టాలె. చార్జి అయ్యేటప్పుడు అంటుకునే గ్యాసు వస్తది, దగ్గర బీడీ కాల్చొద్దు.

ఆఖరు మాట, బండి ఓనర్లకు. బండి ఆగిందని డ్రైవర్ తమ్ముని కూలి కోస్తున్నరు. ఫిల్టర్‌కు పైసలు ఇచ్చినమా? ఒక నోటుబుక్కు కొనిచ్చినమా? ముందు అది అడుగుదాం. ఇంజన్ గంటలు, ఫిల్టర్ తేదీ, బ్యాటరీ నీళ్లు రాసే బుక్కు ప్రతి బండిల ఉండాలె. ప్రతి మండలంల మన పిల్లలకు, ఆడపిల్లలకు కూడ, ట్రాక్టర్ మెకానిక్ శిక్షణ ఇయ్యాలని సర్కారును అడుగుదాం. శిక్షణ వచ్చేదాక ఆగొద్దు. రేపు పొద్దున పోయి ఆ గిన్నె కింది మర ఒక్కసారి తిప్పండి. ఏం కారుతదో మీరే చూస్తరు.

రైతు ఐక్యత వర్ధిల్లాలి!