నొప్పి మోకాలిలో, జబ్బు తుంటిలో



మా మేనత్తగారు ఏడాదిపాటు కుడి మోకాలికి తైలం మర్దన చేయించుకున్నారు. ఎక్స్‌రే తీయిస్తే మోకాలిలో ఏమీ లేదు. "వయసు మీదపడింది, అంతే" అనేశారు ఇంట్లోవాళ్ళు. చివరికి ఒక డాక్టరుగారు ఆవిణ్ణి పడుకోబెట్టి, మోకాలు మడిచి, కాలిని మెల్లగా లోపలికి తిప్పారు. "అమ్మో!" అని కేకపెట్టి గజ్జ పట్టుకున్నారావిడ. బాధంతా తుంటికీలుదన్నమాట!

రుబ్బురోట్లో పొత్రం తిరిగినట్టు, కటి ఎముక గుంటలో తొడ ఎముక తల తిరుగుతూ ఉంటుంది. మధ్యనుండే నున్నని మెత్తటి ఎముక అరిగినా, కీళ్ళవాతం వచ్చినా లోపలి పొర వాస్తుంది. లోతైన కీలు కనుక వాపు పైకి కనపడదు. నొప్పి గజ్జలో, తొడ ముందువైపు, ఒక్కొక్కరికి మోకాలిలోనే తెలుస్తుంది. కాలిగోళ్ళు తీసుకోవడం, ఆటో ఎక్కడం కష్టమవుతుంది. పొద్దున్నే పట్టేసి అరగంటలోపు సర్దుకుంటే సాధారణంగా అరుగుదల. గంట దాటినా వదలకపోతే కీళ్ళవాతమేమో చూపించుకోవాలి. అదే నడుం నుంచి పిక్కదాకా జివ్వున లాగితే అది నరం బాధ కావచ్చు. మనం అన్నిటినీ "తుంటినొప్పి" అనేస్తాం!

ఇక మన పనులు చూడండి. కత్తిపీట ముందు గొంతుక్కూర్చోవడం, నేలమీద బట్టలుతకడం, ఇవన్నీ ఆ కీలుకి శిక్షే. కుర్చీలో కూర్చుని చాకుతో తరుక్కోండి. వీలైతే కమోడ్ పెట్టించుకోండి. పక్కకి తిరిగి పడుకున్నప్పుడు మోకాళ్ళ మధ్య తలగడ ఉంచుకోండి. అలాగని మంచమెక్కితే కండ తగ్గిపోతుంది. డాక్టరు చూపిన వ్యాయామం రోజూ చేయాల్సిందే. ఒళ్ళు తగ్గితే కీలుమీద భారమూ తగ్గుతుంది.

చేతికర్ర నొప్పిలేని వైపు చేతిలో ఉండాలి. మా అత్తయ్య తిరగేసి పట్టుకునేవారు. అసలు కర్రకే ఒప్పుకోలేదు లెండి, "ముసలిదాన్నని చాటుకోనా?" అని!

నొప్పిబిళ్ళలు మందులషాపులో అడిగి కొనుక్కు మింగకండి. కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పేరులేని పొడుల్లో స్టిరాయిడ్లు కలిసి ఉండవచ్చు. అవి ఎక్కువగా వాడితే తొడ ఎముక తలకు రక్తం అందక అది కుంగిపోయే ప్రమాదముంది.

కీలు పూర్తిగా పాడైతే మార్చే ఆపరేషనుంది. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ 1962లో మొదలుపెట్టిన పద్ధతి నుంచే నేటి ఆపరేషన్ ఎదిగింది. అత్తయ్య దాకా అది రాలేదు.

ఒక్కమాట. జ్వరంతోపాటు తుంటినొప్పి వచ్చి కాలు కింద మోపలేకపోతే, ముఖ్యంగా చిన్నపిల్లల్లో, తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. కీలులో చీము పట్టి ఉండవచ్చు.

సెలవు.